గంజి పెట్టిన గౌను

ఆ ఆసుపత్రికి నాలుగు అంతస్తులున్నాయని వచ్చేపోయేవాళ్ళందరూ అనుకుంటారు. లెక్కలోకి రాని అయిదోది నేల కింద ఉంది. అక్కడ సూర్యుడు కనిపించడు. కప్పుకు ఆనుకుని ఉన్న సన్నటి కిటికీల్లోంచి బయట నడిచేవాళ్ళ పాదాలు మాత్రం కనిపిస్తాయి. పై నాలుగు అంతస్తుల్లో మనుషుల ఒంటికి తగిలిన ప్రతి గుడ్డా, అంటే దుప్పటీ, దిండు గలీబూ, తువ్వాలూ, రోగులు తొడుక్కునే గౌనూ, ట్రాలీల్లో ఆ లాండ్రీకే దిగుతుంది. ఉతుకై, ఆరి, ఇస్త్రీ అయ్యాక గది మధ్యనున్న పొడవాటి బల్ల మీదికి చేరుతుంది. ఆ బల్లకు తలవైపున ఇరవై ఆరేళ్ళుగా నిలబడి మడతలు పెడుతున్న మనిషిని అందరూ మడతక్క అంటారు. జీతాల కాగితం మీద ఆమెకు వేరే పేరుంది గాని, ఆ పేరుతో పిలిస్తే ఆమే వెనక్కి తిరిగి చూడదు.

మడత పెట్టడంలో ఏముంది, ఎవరైనా పెడతారు అనుకునేవాళ్ళు ఆమె చేతుల్ని చూడలేదన్నమాట. గౌనుకు ఏడు కదలికలు. భుజాలు కలపడంతో మొదలై, చేతులు లోపలికి మలిచి, అంచులు సరిచేసి, చివరి కదలికలో మెడ దగ్గరి నాడాలు రెండూ పైకి కనబడేలా ఉంచడంతో ముగుస్తుంది. ఆ చివరిది ఆమెకు ఎవరూ నేర్పలేదు. భయంతో చేతులు వణుకుతున్న మనిషి గౌను విప్పగానే నాడాల కోసం తడుముకోకూడదని ఆమే కనిపెట్టింది. తాను ఎన్నడూ చూడని, చూడబోని మనుషుల మీద చూపించిన ఆ ఆపేక్షను ఆమె ఆపేక్ష అనుకోలేదు, పని అనుకున్నది.

అయితే చేతికి అబ్బిన విద్య ఒక్కోసారి మనసుకు కూడా అబ్బుతుంది. మడతక్క కష్టాలను సైతం మడతపెట్టి అరలో సర్దేసే రకం. ఎడమ రొమ్ములో చొక్కా గుండీ అంత గట్టిదేదో చేతికి తగిలినప్పుడు దాన్ని కూడా అలాగే సర్దేసి, నెల రోజులు నోరు మెదపలేదు. స్నానాల గదిలోంచి అమ్మ ఎంతకీ రావడం లేదేమిటని కూతురు తలుపు తట్టకపోయి ఉంటే ఇంకెన్నాళ్ళు దాచేదో. పరీక్షలయ్యాయి. అది క్యాన్సరేనని, రొమ్ము తీసేయాలని, చంకలోని గ్రంథులను కూడా చూడాలని మూడో అంతస్తులోని డాక్టరమ్మ చెప్పింది. తేదీ ఇచ్చింది.

మడతక్క ఆ తేదీకి వెళ్ళలేదు. ఇస్త్రీ మెషీను పాడైంది, మనుషులు చాలడం లేదు అని కబురు పంపింది. మెషీను నిక్షేపంలా ఉంది. రెండోసారి ఇచ్చిన తేదీన మాత్రం లిఫ్టెక్కి మూడో అంతస్తుదాకా వెళ్ళింది. తలుపు తెరుచుకుంది. ఎదురుగా తెల్లటి నడవా, దాని చివర రెండు రెక్కల తలుపు కనబడ్డాయి. ఆమె దిగలేదు. కిందికి వెళ్ళే మీట నొక్కి, మళ్ళీ తన బల్ల దగ్గరికే చేరి, జలుబు చేసిందని చెప్పింది.

మర్నాడు డాక్టరమ్మే కిందికి దిగివచ్చింది. ఒక డాక్టరు లాండ్రీలో అడుగుపెట్టడం ఇరవై ఆరేళ్ళలో అదే మొదలు కావడం వల్ల మెషీన్ల దగ్గర ఉన్నవాళ్ళందరూ తాము ఏం తప్పు చేశామా అని బిక్కచచ్చిపోయారు.

"అమ్మా, ఇప్పటికి అది ఉన్నచోటే ఉంది," అన్నది డాక్టరమ్మ. "ఇంకా ఆలస్యమైతే అక్కడే ఉంటుందని నేను మాటివ్వలేను. వచ్చే గురువారం. ఈసారి మీ మెషీనుకు జ్వరమొచ్చినా, మీకు తుమ్మొచ్చినా, మీరు పైకి రావలసిందే."

మడతక్క తల ఊపింది. ఆ తల ఊపడాన్ని నమ్మినవాళ్ళు ఆ గదిలో ఒక్కరూ లేరు.

ఇంట్లో అందరూ సిద్ధమైపోయారు, ఆమె ఒక్కతె తప్ప. భర్త లిఫ్టులు బాగుచేసే మనిషి. ఊళ్ళో సగం భవనాల్లో జనం పైకి వెళ్ళి క్షేమంగా కిందికి వస్తున్నారంటే ఆయన చలవే. ఆపరేషన్ తర్వాత చెయ్యి బిగుసుకుపోకుండా కప్పీ తాడుతో వ్యాయామం చేయించాలని ఎవరో చెప్పిన మాట ఆయన చెవిన పడింది. ఇంకేముంది! ఆదివారం పొద్దున్నే పడకగది తలుపు పైన ఇనప కొక్కెం దిగ్గొట్టి, పాత లిఫ్టునుంచి విప్పి తెచ్చిన కప్పీ బిగించి, తాడు వేసి, రెండు కొసలకూ చెక్క పిడులు కట్టాడు.

"ఏమండీ, ఇది నా చేతికా, ఇంటిని పైకి లేపడానికా?" అన్నది మడతక్క.

"ఆరుగురిని మోసిన కప్పీ ఇది. నీ చెయ్యొక లెక్కా? ఇదిగో, ఈ ముడి చూడు. లాగేకొద్దీ బిగుస్తుందే గాని జారదు."

"మరి విప్పాలంటే?"

"విప్పాలని ఎవరికైనా ఎందుకనిపిస్తుందోయ్?" అన్నాడాయన, నిజంగానే ఆశ్చర్యపోతూ.

ఈలోగా అత్తగారు వచ్చి ఒక పిడి పట్టుకుని లాగి చూసింది. కుడి చెయ్యి కిందికి, ఎడమ చెయ్యి పైకి. ఎడమ చెయ్యి కిందికి, కుడి చెయ్యి పైకి. పది నిమిషాలైనా వదలలేదు.

"అమ్మా, అది నీ కోడలికోసం కట్టింది," అన్నాడు కొడుకు.

"గురువారందాకా దానికి అవసరం లేదుగా! నాలుగేళ్ళనుంచి భుజం నెప్పి, భుజం నెప్పి అని మొత్తుకుంటున్నా. ఒక్కడు పట్టించుకున్నాడా? నా కోడలు కాబట్టి నాకోసం ఇంత పెద్ద ఆపరేషను పెట్టుకుంది," అన్నది ఆవిడ, తాడు వదలకుండానే.

కళ్ళద్దాల దుకాణంలో పనిచేసే కూతురు కిటికీ దగ్గర కూర్చుని నాన్న చొక్కాలు నాలుగింటిని అమ్మ కొలతకు కుట్టేస్తోంది. ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్ళు తలమీదుగా తొడుక్కునే బట్టలు కుదరవు, ముందువైపు గుండీలుండాలి. గాయం దగ్గర పెట్టే గొట్టానికి చిన్న సీసా వేలాడుతుంది కాబట్టి, దాన్ని దాచుకోవడానికి ప్రతి చొక్కాకూ లోపల ఒక జేబు కుడుతోంది.

"అందులో సీసా పోయాక ఏం పెట్టుకోవాలే?" అన్నది మడతక్క.

"నానమ్మకి కనబడకుండా దాచే బిస్కట్లు."

"నాకు వినబడుతోంది," అన్నది తలుపు దగ్గరినుంచి అత్తగారు, పైకీ కిందికీ.

ఇలాంటి ఇల్లు ఉన్న మనిషికి ధైర్యం ఎందుకు చాలలేదని అడగవచ్చు. ధైర్యమనేది చుట్టూ ఉన్నవాళ్ళు సమకూర్చిపెట్టే వస్తువు కాదు. వాళ్ళు సమకూర్చగలిగేది చొక్కాలనూ కప్పీలనూ మాత్రమే. వాటిని చూస్తున్నకొద్దీ మడతక్కకు గుండె బరువెక్కింది. ఇన్ని చేసి పెట్టుకున్నవాళ్ళు, ఇవి తొడుక్కునే మనిషి తిరిగి రాకపోతే ఏం చేస్తారు? ఆ మాట నోటిదాకా వచ్చేది. వెంటనే మడత పెట్టేసేది.

సాయంత్రం రొట్టె కొనడానికి ఆలుమగలు వీధి చివరిదాకా నడిచారు. పెళ్ళయిన నాటినుంచి ఆయన ఆమెకు కుడివైపునే నడుస్తాడు. ఆవేళ వీధి మొదట్లోనే చుట్టూ తిరిగి ఎడమవైపుకు వచ్చాడు.

"ఇదేమిటి కొత్తగా?"

"లిఫ్టుకి అవతలివైపు ఒక బరువుంటుంది తెలుసా? అది లేకపోతే లిఫ్టు సరిగ్గా నడవదు. గురువారంనుంచి నీకు ఈవైపు బరువు తగ్గుతుంది కదా. ఇకమీదట నేనే ఆ బరువు. ఇప్పటినుంచే అలవాటు చేసుకుంటున్నాను."

ఆమె నవ్వింది. కాస్త దూరం నడిచాక, తల తిప్పకుండా అడిగింది. "నిజం చెప్పండి. మీకేమీ అనిపించదా?"

"అనిపిస్తుంది," అన్నాడాయన. హాస్యం ఆడే మనిషి గొంతులో హాస్యం లేనప్పుడు ఆ మాటకు ఎక్కడలేని బరువూ వస్తుంది. "రెండుసార్లు తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చావే, అప్పుడు అనిపించింది. ఆపరేషన్ గురించి కాదు."

ఎందుకు వెనక్కి వచ్చిందో చెప్పాలంటే బల్ల దగ్గరి సంగతి చెప్పాలి; అది బయటివాళ్ళకు చెప్పే సంగతి కాదు.

ఆ సంగతి ఇది. రోజూ వందకు పైగా గౌన్లు నలిగి, మాసి కిందికి వస్తాయి. ఎప్పుడో ఒకసారి మాత్రం ఒక గౌను మెడనుంచి అంచుదాకా నిలువునా కత్తిరించి వస్తుంది. నాడాలు విప్పేంత వ్యవధి లేని ఘడియలో కత్తెర పెడతారు. అలాంటిది బల్ల మీదికి వస్తే ఎవరూ ఏమీ అడగరు. మాటలు ఆగిపోతాయి. రేడియో పెట్టి ఉంటే ఎవరో ఒకరు తగ్గిస్తారు. కత్తిరించిన గౌనును కుట్టి మళ్ళీ పైకి పంపకూడదని ఆ గదిలో ఒక కట్టుబాటు. ఎవరు పెట్టారో తెలియదు, ఎవరూ దాటలేదు. బల్ల పెద్దగా మడతక్క దాన్ని తీసుకుని, అందరికీ వీపు తిప్పి, పీలికలుగా చింపి మెషీన్లు తుడిచే బుట్టలో వేస్తుంది. ఇరవై ఆరేళ్ళలో చింపినవన్నీ ఆమెకు గుర్తున్నాయి. ఒకదాని అంచున పెన్సిలుతో గీసిన చేప బొమ్మ ఉంది. ఒకదాని జేబులో ఉతుక్కి ముద్దయిన బస్సు టికెట్టు దొరికింది. ఒకదాని భుజం మీద లేత గోధుమరంగు ఇస్త్రీ మచ్చ ఉంది. వాటిని తొడుక్కున్నవాళ్ళ ముఖాలు ఆమె చూడలేదు. చూడకపోవడం వల్లనే కాబోలు, ఏ ఒక్కరినీ మరిచిపోలేకపోయింది.

సోమవారం టీ వేళ ఇస్త్రీ పిన్ని ఆమెను పట్టుకుంది. ఈ పిన్ని ఎవరికీ పిన్ని కాదు. దుప్పట్లను నమిలి మింగినట్టు లోపలికి లాక్కునే పెద్ద రోలరు దగ్గర ముప్పై ఏళ్ళుగా నిలబడి, ఆ వేడికి ఎండి పుల్లలా తయారైన మనిషి. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం.

"ఏమే, గురువారానికి ఏ సాకు ఇస్త్రీ చేసి ఉంచావు?"

"సాకేమీ లేదు పిన్నీ. వెళ్తాను."

"నా ముఖం చూసి చెప్పు."

మడతక్క టీ కప్పులోకి చూసింది. "చెప్తే నవ్వుతావు."

"నవ్వొస్తే నవ్వుతాను. ముందు చెప్పు."

"చావంటే భయం కాదు. అంటే… భయమే అనుకో. కానీ అదొక్కటే కాదు. నా గౌను అలా కత్తిరించి మన బల్ల మీదికి వస్తే? నేనుండను గనక నువ్వే చింపాలి. అందరూ మాటలు ఆపేస్తారు. ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో నాకు తెలుసు పిన్నీ. ఇన్నేళ్ళూ నేనే కదా… చేప బొమ్మది, బస్సు టికెట్టుది, ఇస్త్రీ మచ్చది…"

"ఆగాగు. ఇస్త్రీ మచ్చదా? భుజం మీద?"

"అవును. పదకొండేళ్ళయింది. ఆరోజు వాన కూడా."

పిన్ని నవ్వలేదు. లేచి వెళ్ళి రోలరు ఆపింది. ఆ చప్పుడు ఆగేసరికి గది ఒక్కసారిగా పెద్దదైనట్టనిపించింది.

"అది నా గౌనే," అన్నది.

మడతక్క టీ కప్పు కింద పెట్టేసింది.

"పిత్తాశయంలో రాళ్ళని నేను పైకి వెళ్ళాను, గుర్తుందా?"

"గుర్తుంది. నెల రోజులు సెలవు పెట్టావు."

"రాళ్ళకి నెల రోజులెందుకే వెర్రిదానా? మధ్యలో గుండె మొరాయించింది. కత్తెర పెట్టి గౌను నిలువునా చీల్చి, ఎవడో బలిష్ఠుడు రెండు చేతులూ పెట్టి ఛాతీ అదిమాడట. రెండు పక్కటెముకలు విరిగాయి. గుండె మళ్ళీ దారికొచ్చింది. ఆ మచ్చంటావా, అది నేను కాల్చిందే. వార్డుల్లోకి పంపితే నా పరువు పోతుందని దాచి, నేనే తొడుక్కున్నాను. తిరిగి పనిలోకి వచ్చిన రోజున చూస్తే, నా పక్కనున్న పీలికల బుట్టలో పైనే ఉంది మచ్చ."

"మరి చెప్పలేదేం పిన్నీ?"

"ఆ గౌన్ల గురించి మన దగ్గర ఎవరైనా నోరు విప్పుతారా? అయినా ఏమని చెప్పాలి? నేను బతికుండగానే నన్ను చింపి బుట్టలో పడేశావేమే అని నిన్ను నిలదీయనా?" పిన్ని చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసింది. "ఆరు నెలలు ఆ పీలికతోనే రోలరు తుడిచాను. మంచి గుడ్డ. బాగా పీల్చేది."

మడతక్క నవ్వింది. నవ్వుతూనే ముఖానికి ఒక తువ్వాలు అడ్డం పెట్టుకుంది. ఆ తువ్వాలు అలాగే చాలాసేపు ఉండిపోయింది.

"ఇదిగో చూడు," అన్నది పిన్ని, గొంతు తగ్గించి. "అందరూ తిరిగొచ్చారని నేననను. ఆ చేప బొమ్మ మనిషి ఏమయ్యాడో నాకు తెలియదు. నీకూ తెలియదు. తెలియనిదాన్ని తెలిసినట్టు ఇన్నేళ్ళు మోశావు. గురువారం నీకేమవుతుందో కూడా నాకు తెలియదు. కానీ వెళ్ళకపోతే ఏమవుతుందో డాక్టరమ్మ చెప్పింది. అది మాత్రం ఇద్దరికీ తెలుసు."

ఆ మధ్యాహ్నం మాసిన గుడ్డల ట్రాలీ దిగినప్పుడు మడతక్క బల్ల వదిలి దాని దగ్గరికి వెళ్ళింది. ఏనాడూ చేయని పని చేసింది: గౌన్లను ఒక్కొక్కటిగా విప్పి చూసింది. ఒకదాని మీద టీ మరక; అంటే ఎవరో లేచి కూర్చుని టీ తాగారు. ఒకదాని వెనక అంచు దుమ్ము కొట్టుకుపోయింది. అంటే పొడుగు చాలక ఈడ్చుకుంటూ ఎవరో నడవాలో పచార్లు చేశారు. ఒకదాని మోకాలి దగ్గర రంగు పెన్సిలు గీతలు. చూడ్డానికి వచ్చిన పిల్లలెవరో ఒళ్ళో కూర్చుని బొమ్మలు వేసి ఉంటారు. ఒకదాని జేబులో చాక్లెట్ కాగితాలు ఏడు. చక్కెర తినొద్దని డాక్టర్లు చెప్పిన రోగి అయి ఉండాలి. ఇలాంటివి ఎన్ని వేల గౌన్లు తన చేతుల మీదుగా పోయాయో! చేతులు వాటిని మడత పెట్టాయే గాని కళ్ళు ఒక్కదాన్నీ చదవలేదు. కత్తిరించినవాటిని మాత్రం కంఠతా పట్టింది. మనిషి జ్ఞాపకానికి ఈ పక్షపాతం ఎక్కడిదో గాని, దానివల్ల నష్టపోయేది జ్ఞాపకం ఉంచుకున్నవాళ్ళే.

ఇక గురువారం.

ఆపరేషన్‌కు తొడుక్కునే గౌనును లాండ్రీవాళ్ళు ముందురోజే ఎంచి, ఉతికి, తమ చేతులతో సిద్ధం చేశారు. ఎవరికీ చేయని మర్యాద చేయాలని అందరూ కలిసి ఆలోచించి, పెద్ద డాక్టర్ల కోట్లకు మాత్రమే పెట్టే గంజిని ఆ గౌనుకు పెట్టారు. ఒకరు పెట్టిన సంగతి ఒకరికి తెలియక ముగ్గురు పెట్టారు. ఆపైన పిన్ని దాన్ని రోలరులో రెండుసార్లు నడిపింది. అంచు లోపల ఎర్రదారంతో చిన్న గుర్తు కుట్టింది. ఏడు కదలికలతో మడత పెట్టి, నాడాలు పైకి ఉంచి, అట్టముక్క లాంటి ఆ గౌనును చేతికిచ్చి, "తొడుక్కుని పో," అన్నది.

పొద్దున ఏడు గంటలకు ఇంటిల్లిపాదీ లిఫ్టెక్కారు. అందరూ ఎవరికి తోచిన మాటలు వాళ్ళు చెబుతున్నారు. మడతక్కకు ఒక్కటీ చెవికెక్కడం లేదు. గౌనును గుండెలకు హత్తుకుని నిలబడింది. లిఫ్టు ఆగింది. తలుపు తెరుచుకుంది. అదే తెల్లటి నడవా, చివర అవే రెండు రెక్కలు.

ఆమె కదల్లేదు.

తలుపు మూసుకోబోయింది. భర్త పాదం అడ్డం పెట్టాడు. తలుపు వెనక్కి వెళ్ళింది. మళ్ళీ మూసుకోబోయింది, మళ్ళీ పాదం. ఎవరూ ఆమెను రమ్మనలేదు. అత్తగారు కూడా నోరు మూసుకుని నిలబడింది. ఆవిడ విషయంలో అది చిన్న సంగతి కాదు.

"ఎంతసేపైనా పట్టుకుంటాను," అన్నాడు భర్త నెమ్మదిగా. "చెడిపోతే బాగుచేసేవాణ్ణి పక్కనే ఉన్నాగా."

మూడోసారి తలుపు ఆయన బూటుకు తగిలి వెనక్కి వెళ్ళినప్పుడు, మడతక్క తనంతట తాను బయటికి అడుగు వేసింది.

గదిలో సిస్టర్ గౌను విప్పబోతే అది విచ్చుకోలేదు. దులిపితే ఫెళఫెళమన్నది. మంచం మీద నిలబెడితే నిలబడింది.

"ఎవరండీ దీన్ని ఇలా చేసింది?" అన్నది సిస్టర్, భయపడాలో నవ్వాలో తెలియక.

"లోపల మనిషి లేకపోయినా అదే నడిచి థియేటర్లోకి వెళ్ళేట్టుంది," అన్నాడు భర్త. "కావాలంటే దాన్ని పంపి, మేము ఇంటికి పోతాం."

"ఇంకొక గౌను ఇస్తాను, ఉండండి," అన్నది సిస్టర్.

"వద్దు," అన్నది మడతక్క. "ఇదే కావాలి."

కావాలంటే మెత్తబడాలి. అత్తగారు ఒక చెయ్యి అందుకుంది, కూతురు రెండో చెయ్యి. భర్త అంచు పట్టుకున్నాడు. ముగ్గురూ కలిసి ఆ గౌనును పిడికిళ్ళతో నలిపారు, మెలిపెట్టారు, మంచం కోడుకేసి బాదారు. "ఇంకా గట్టిగా లాగరా, పొద్దున తిన్నది ఏమైంది?" అని అత్తగారు కొడుకును అదిలించింది. ముడత కనబడితే చెయ్యి ఊరుకోని మడతక్క కాసేపు చూస్తూ నిలబడి, చివరికి తానూ ఒక కొస అందుకుని, జీవితంలో మొదటిసారి ఒక ఇస్త్రీ గౌనును చేతులారా నలిపింది. నలుపుతుంటే నవ్వు వచ్చింది. నవ్వుతుంటే, తాను ఇప్పుడు ఎక్కడున్నదో కాసేపు గుర్తు లేదు.

అంతా మెత్తబడింది గాని, నాడాల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. గౌను తొడిగాక మెడ వెనక ముడి ఎవరు కట్టాలన్న ప్రశ్న వచ్చింది. "జరగండి, ఇది నా పని," అని భర్త ముందుకొచ్చాడు. కర్రపుల్లల్లా ఉన్న నాడాలను వంచి, తనకు వెన్నతో పెట్టిన విద్య అయిన ఆ ముడి వేశాడు. వేసి, వేలితో ఒకసారి లాగి చూసుకుని తృప్తిపడ్డాడు.

డాక్టరమ్మ వచ్చి ఎడమవైపు పెన్నుతో బాణం గుర్తు వేసింది. "ఈసారి మీ మెషీను ఎలా ఉందమ్మా?" అని అడిగింది.

"నడుస్తోంది డాక్టరమ్మా," అన్నది మడతక్క.

మంచం చక్రాల మీద కదిలింది. రెండు రెక్కల తలుపు దాకా ఎడమవైపున భర్త నడిచాడు.

కళ్ళు తెరిచేసరికి కిటికీలో సాయంత్రపు వెలుగుంది. ఒళ్ళంతా ఎవరిదో అయినట్టుంది. ఎడమవైపు బిగుతుగా కట్టు. ఆమె కుడిచేత్తో కట్టు మీద మెల్లగా తడిమి చూసుకుని, ఆ చేతిని అక్కడే కాసేపు ఉంచుకుంది. అంతకాలం ఉన్నది ఇక లేదని ఎవరూ చెప్పనక్కర్లేకుండా తెలిసింది. ఏడుపు వచ్చినంతసేపు రానిచ్చింది. దాన్ని మడత పెట్టలేదు. భర్త ఆమె కుడిచేతి వేళ్ళు పట్టుకున్నాడు. డాక్టరమ్మ వచ్చి వెళ్ళిందనీ, తీయవలసింది తీశామన్నదనీ, మిగతాది పరీక్ష కాగితాలు వచ్చాక మాట్లాడుకుందామన్నదనీ చెప్పాడు. అత్తగారు గోడవారగా కుర్చీలో కూర్చుని ఉంది. "లేచావా? ఇక ఆ తాడు నీదే. నాకు భుజం నయమైపోయింది," అన్నది; అంటూ కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు తలుపు దఢాలున తెరుచుకుంది. ఇస్త్రీ పిన్ని. ముఖం ఎర్రబడి, రొప్పుతూ, చేతిలో ఒక గుడ్డ పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. మంచం మీది మనిషిని చూసింది. ఆమె కళ్ళు తెరిచి ఉండడం చూసింది. అక్కడే గోడకు చేరగిలబడింది.

"ఉన్నావా తల్లీ!" అన్నది.

"ఏమైంది పిన్నిగారూ?" కంగారుగా లేచాడు భర్త.

"ఏమైందా? ఇది కిందికి వచ్చింది!" పిన్ని చేతిలోని గుడ్డను పైకెత్తింది. గౌను. మెడనుంచి అంచుదాకా నిలువునా కత్తిరించి ఉంది. అంచు లోపల ఎర్రదారపు గుర్తు. "ట్రాలీలో పైనే ఉంది. గుర్తు చూశాను. గదిలో ఒక్కరికి నోట మాట వస్తే ఒట్టు. అందరం అలా నిలబడిపోయాం. లిఫ్టు కోసం ఆగలేక మెట్లెక్కి వచ్చాను. మూడు అంతస్తులు! నా వయసుకి! ఏం జరిగిందసలు?"

పిన్ని కేకలకు పరుగెత్తుకొచ్చిన సిస్టర్ గౌను చూసి నాలిక కరుచుకుంది. "అయ్యో, ఏమీ కాలేదండీ! మత్తిచ్చి పడుకోబెట్టాక మెడ వెనక ముడి విప్పబోతే రాలేదు. ఇద్దరం కలిసి లాగాం. లాగేకొద్దీ బిగుసుకుంది. నాడాలు చూస్తే చెక్కలా ఉన్నాయి. గత్యంతరం లేక ముందునుంచి కత్తెర పెట్టాం. అంత గంజి ఎవరు పెట్టారో, ఆ ముడి ఎవరు వేశారో గాని…"

గదిలో అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. భర్త కప్పు వైపు చూడసాగాడు. పిన్ని కిటికీ వైపు చూసింది.

మడతక్కకు నవ్వొచ్చింది. ఎడమవైపు కట్టు కింద భగ్గుమన్నది. "నవ్వకండి, కుట్లు కదులుతాయి" అని సిస్టర్ అంటున్నా ఆగలేదు. నవ్వుతున్న ఆమెను చూసి భర్త, భర్తను చూసి పిన్ని, అందరికన్నా పెద్దగా అత్తగారు.

నవ్వులు సద్దుమణిగాక పిన్ని కళ్ళు తుడుచుకుని, గౌనును చుట్టచుట్టి చంకలో పెట్టుకుంది. "సరే, కింద అందరూ ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నారు. వెళ్ళి చెప్పాలి. దీన్ని నేనే పీలికలు చేసేస్తాలే."

"వద్దు పిన్నీ." మత్తు ఇంకా వదలని గొంతు మెల్లగానే ఉన్నా, బల్ల తలవైపున నిలబడి మాట్లాడే గొంతే అది. "చింపకు. కుట్టి పైకి పంపు."

పిన్ని ఆమె వైపు చూసింది. కత్తిరించిన గౌను ఒక్కటి కూడా ఆ గదిలోంచి మళ్ళీ పైకి వెళ్ళలేదన్న సంగతి ఇద్దరికీ తెలుసు.

"ముందువైపు కుట్టు కనబడుతుందే," అన్నది పిన్ని.

"కనబడనీ." మడతక్క కళ్ళు మళ్ళీ మూతపడుతున్నాయి. "గంజి మాత్రం పెట్టకు."